భుజానికి ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా: బరువులెత్తేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల వ్యాయామశాలల్లో వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్ సాధన చేసేవారిలో భుజం నొప్పి ఎరగనివారు అరుదు. ఒకరి సందేహం తీరేసరికి మరొకరు అదే సందేహంతో వస్తున్నందువల్ల, ఎక్కువగా వినబడే ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి దశలవారీగా ఇక్కడ కూర్చాము. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇందులో ఉన్నది సాధారణ సమాచారమే గనుక, భుజాన్ని స్వయంగా పరీక్షించిన డాక్టరు మాటకు ఇది బదులు కాదు. మా అభిప్రాయం ఏ వైపు మొగ్గుతుందో కూడా ముందే చెబుతాము: గాయం ఎలా అయింది, ఇప్పుడు భుజం ఏ పని చేయలేకపోతోంది అన్న రెండు విషయాలకు స్కానింగ్ రిపోర్టు కంటే ఎక్కువ విలువ ఇవ్వాలి.

## నొప్పి మొదలైన తొలి వారాలు

భుజం నొప్పి వచ్చిందండి. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలా, కొన్నాళ్లు చూడవచ్చా?

రోజులు గడిచేకొద్దీ నెమ్మదిగా పెరిగిన నొప్పి అయితే, చేయి పూర్తిగా పైకి లేస్తూ, పట్టు తగ్గకుండా ఉంటే, రెండు మూడు వారాలు బరువు తగ్గించి చూడడంలో ప్రమాదం లేదు. కొన్ని లక్షణాలకు మాత్రం ఎదురుచూపు పనికిరాదు. ఒక్కసారిగా ఏదో తెగినట్టు అనిపించి ఆ తరువాత చేయి పైకి లేవకపోవడం, భుజం ఆకారం మారడం, చంక నుంచి ఛాతీ వరకు నల్లగా కమిలిపోవడం, చేతికి తిమ్మిరి లేదా బలహీనత, జ్వరంతో కూడిన వాపు, ఏ భంగిమలో పడుకున్నా వదలని రాత్రి నొప్పి అటువంటివి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెకు సంబంధించినది కావచ్చు. అప్పుడు ఎముకల డాక్టరు కోసం వెతకకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

జెర్క్ (భుజాల మీది బార్‌ను తల పైకి విసురుగా ఎత్తడం) చేస్తుండగా భుజం జారింది. కట్టు వేసేవారి దగ్గరికి తీసుకెళ్లవచ్చా?

ఎముక విరిగితే పుత్తూరు కట్టు, భుజం జారితే ఊళ్లో చేయి లాగి కూర్చోబెట్టే పెద్దమనిషి అన్న అలవాటు మన ప్రాంతంలో ఇంకా ఉంది. దానిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు, కానీ జారిన భుజం విషయంలో మాత్రం వద్దనే చెబుతాము. భుజం జారినప్పుడు బంతిలాంటి ఎముక తలకు గాని, దానిని పట్టుకొనే గిన్నె అంచుకు గాని పగులు వచ్చి ఉండవచ్చు. అది ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. పగులు ఉన్న భుజాన్ని గుంజితే ముక్క మరింత పక్కకు జరుగుతుంది. భుజం చుట్టూ తిరిగి వెళ్లే ఆక్సిలరీ నరం కూడా ఈ సమయంలోనే దెబ్బతింటుంది కాబట్టి, భుజాన్ని కూర్చోబెట్టకముందూ ఆ తరువాతా భుజం బయటి వైపు చర్మానికి స్పర్శ ఉందో లేదో చూడవలసి ఉంటుంది. చేతిని కదలకుండా తువ్వాలుతో మెడకు కట్టి, వీలైనంత త్వరగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

బెంచ్ ప్రెస్‌లో బార్ దించుతుంటే చంక దగ్గర టప్‌మని శబ్దం వచ్చింది. చేయి లేస్తూనే ఉంది కదా, ఆగి చూడవచ్చా?

ఆగకూడదు. ఛాతీ ముందు ఉండే పెద్ద కండరం, అంటే పెక్టొరాలిస్ మేజర్, తన స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు) దగ్గర తెగినప్పుడు ఇలాగే అవుతుంది. బరువును కిందికి దించుతూ కండరం సాగి ఉన్న స్థితిలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. చేయి లేపే పని వేరే కండరాలది కాబట్టి చేయి లేవడం చూసి భరోసా పడకూడదు. రెండు అరచేతులు ఛాతీ ముందు నొక్కి అద్దంలో చూసుకున్నప్పుడు ఒక వైపు చంక మడత పలచబడినా, కండరం లోపలికి ముడుచుకున్నట్టు కనిపించినా అనుమానం బలపడుతుంది. స్నాయువు పూర్తిగా ఊడిన లిఫ్టరు మళ్లీ బరువులు ఎత్తాలనుకుంటే, తొలి కొన్ని వారాలలో కుట్టించుకోవడం సులువు, ఫలితమూ మేలు. నెలలు గడిస్తే కండరం వెనక్కి ముడుచుకుపోయి, వేరే చోటి నుంచి స్నాయువు తెచ్చి అతకవలసిన పరిస్థితి రావచ్చు. ఈ పేజీలో గడియారం చూసుకోవలసిన సందర్భాలు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది.

భుజం పైన, కాలర్ ఎముక చివర నొక్కితే నొప్పి. డిప్స్ (రెండు కడ్డీల మీద చేతులతో ఒంటిని దించి లేపడం) చేస్తే ఇంకా ఎక్కువ. ఇది ఆపరేషన్ కేసేనా?

చాలామటుకు కాదు. కాలర్ ఎముక చివరి భాగం పదేపదే పడే ఒత్తిడికి కొంత అరిగి, కరిగే స్థితి ఇది. బరువులెత్తేవారిలో ఎంత ఎక్కువగా కనిపిస్తుందంటే, దీనికి వెయిట్‌లిఫ్టర్ల భుజం అనే పేరే స్థిరపడింది. డిప్స్ మానేసి, బెంచ్ ప్రెస్‌లో పట్టు కొంచెం దగ్గరగా మార్చి, బార్‌ను ఛాతీ దాకా దించకుండా కొన్ని నెలలు ఓపిక పడితే ఎక్కువమందికి నెమ్మదిస్తుంది. అప్పటికీ తగ్గకపోతే ఎముక చివర కొన్ని మిల్లీమీటర్లు తొలగించే చిన్న ఆపరేషన్ ఉంది. భుజం ఆపరేషన్లలో కోలుకొనే కాలం తక్కువగా ఉండేది కూడా అదే.

## స్కానింగ్ రిపోర్టు చేతికి వచ్చాక

ఎమ్మారైలో పార్షియల్ టేర్ అని రాశారు. భుజం తెగిపోయినట్టేనా?

ముందు రిపోర్టును పక్కన పెట్టి ఒక సంగతి తెలుసుకోండి. 1995లో అమెరికాలో ఏ భుజం నొప్పీ లేని 96 మందికి ఎమ్మారై తీస్తే, వారిలో 34 శాతం మందికి రొటేటర్ కఫ్‌లో ఏదో ఒక చిరుగు కనిపించింది. 60 ఏళ్లు దాటినవారిలో అది 54 శాతం. అంటే చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని గాని, దానిని కుట్టవలసిందేనని గాని చెప్పడానికి వీలు లేదు.

రొటేటర్ కఫ్ అనేది భుజపు గుండ్రని ఎముకను గిన్నెలో నిలిపి ఉంచే నాలుగు కండరాల స్నాయువుల పట్టీ. పార్షియల్ టేర్ అంటే ఆ పట్టీ మందంలో కొంత భాగమే చిరిగింది, మిగిలినది ఎముకను పట్టుకొనే ఉంది. ఫుల్ థిక్‌నెస్ అంటే పై నుంచి కింది దాకా కన్నం పడింది, అయినా ఆ కన్నం చిన్నదై ఉండవచ్చు. పట్టీ మొత్తం ఊడి వెనక్కి పోవడం మూడో స్థితి. ఈ మూడింటికీ మన వ్యావహారికంలో తెగింది అనే ఒకే మాట వాడడం వల్ల ఇళ్లలో అనవసరమైన భయం పుడుతోంది. నెమ్మదిగా వచ్చిన నొప్పి, సగం మందం లోపు చిరుగు, చెక్కుచెదరని బలం, ఈ మూడూ కలిసి ఉన్న లిఫ్టరుకు తొలి చికిత్స వ్యాయామమే.

నాకు స్లాప్ టేర్ ఉందట. కుట్టకపోతే స్నాచ్ (నేల మీది బార్‌ను ఒకే ఊపున తల పైకి ఎత్తడం) వదులుకోవలసిందేనా?

గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి వలయాన్ని లేబ్రమ్ అంటారు. దాని పై భాగం, బైసెప్స్ స్నాయువు అతుక్కొనే చోట, చిరిగితే అది స్లాప్ టేర్. 45 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న, ఏ బాధా లేనివారికి ఎమ్మారై తీసి 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో, చూసిన రేడియాలజిస్టును బట్టి 55 నుంచి 72 శాతం మందిలో ఇటువంటి చిరుగే కనిపించింది. నార్వేలో 118 మంది మీద జరిపి 2017లో ప్రచురించిన మరో పరీక్షలో, లేబ్రమ్ కుట్టినవారికి, బైసెప్స్ స్నాయువును వేరే చోటికి మార్చినవారికి, పైపైన కోత మాత్రమే పెట్టినవారికి మధ్య ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందులో ఎక్కువమంది మధ్యవయస్కులే కాబట్టి, స్నాచ్‌లో పడి భుజం సడలిన ఇరవై ఏళ్ల లిఫ్టరుకు ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించడం సరికాదు. అయినా, స్లాప్ అన్న ఒక్క మాట చూసి ఆపరేషన్ తేదీ రాయించుకోవడం తొందరపాటు అవుతుందని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

పైన ఎముక పెరిగింది, అది రుద్దుకుంటోంది, గీకేస్తే తగ్గుతుంది అన్నారు. నిజమేనా?

ఈ ఆలోచన వినడానికి సబబుగా ఉంటుంది. ఎముక గుచ్చుకుంటోంది, తీసేస్తే గుచ్చుకోదు, అంతే కదా అనిపిస్తుంది. అందుకే కొన్ని దశాబ్దాల పాటు ఈ ఆపరేషన్ ప్రపంచమంతటా విరివిగా జరిగింది. తరువాత బ్రిటన్‌లోనూ ఫిన్లాండ్‌లోనూ దీనిని ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూశారు. అంటే కొందరికి కెమెరా పెట్టి లోపల చూసి, ఏమీ గీకకుండానే కుట్లు వేశారు. రెండు దేశాలలోనూ రెండు గుంపులవారూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డారు. ఆ ఫలితాలు 2017, 2018 సంవత్సరాలలో వెలువడ్డాయి. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకం ఇటువంటి నొప్పికి ఈ ఆపరేషన్ చేయవద్దని గట్టిగానే సూచించింది. కఫ్ చిరుగును కుట్టేటప్పుడు దానితో పాటు కొంత ఎముకను సరిచేయడం వేరే విషయం. గీకడం ఒక్కటే చికిత్స అంటే మాత్రం మరొక డాక్టరును కూడా కలవండి.

ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, ఎమ్మారై, సీటీ: ఏది తీయించాలి?

మొదట ఎక్స్‌రే, అది చవక. కఫ్ స్నాయువులను చూడడానికి అనుభవం ఉన్న చేతిలో అల్ట్రాసౌండ్ కూడా చాలా బాగా పనిచేస్తుంది. లేబ్రమ్ మీద అనుమానం ఉన్నప్పుడు కీలులోకి మందు ఎక్కించి తీసే ఎమ్మారై మామూలు ఎమ్మారై కంటే స్పష్టంగా చూపుతుంది. భుజం పలుమార్లు జారి ఉంటే ఎముక ఎంత అరిగిందో కొలవడానికి సీటీ అవసరమవుతుంది. డాక్టరు చేయి పట్టుకొని పరీక్షించకముందే ల్యాబుకు వెళ్లి ఎమ్మారై తీయించుకోవడం మాత్రం డబ్బు దండగ.

## ఆపరేషన్ లేకుండా ప్రయత్నించే కాలం

ఫిజియో చేయించానండి, తగ్గలేదు. ఇక ఆపరేషనే దారి కదా?

ఏం చేయించారన్నది ముందు చూడాలి. పదిరోజులు కరెంటు పెట్టించుకుని, వేడి కాపడం తీసుకుని వస్తే దానిని చికిత్స విఫలమైందనడానికి లెక్కలోకి తీసుకోలేము. భుజానికి పని చెప్పే వ్యాయామం, క్రమంగా బరువు పెంచుతూ, కనీసం 12 వారాలు జరిగి ఉండాలి. రబ్బరు పట్టీతో చేతిని బయటికి తిప్పడం, రెక్క ఎముకను నిలిపే కండరాలకు రోయింగ్ వంటివి, తరువాత తేలికపాటి డంబెల్‌తో చేయి తల పైకి లేపడం, ఆ తరువాత ఖాళీ బార్, ఇదీ స్థూలంగా దాని క్రమం. వ్యాయామం చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా పరవాలేదు, మరుసటి ఉదయానికి అది పెరగకుండా ఉంటే చాలు.

కోనసీమ లంకల నుంచి వారానికి మూడుసార్లు పట్నం రావడం ఎవరికైనా కష్టమే. రెండు వారాలకు ఒకసారి ఫిజియోథెరపిస్టును కలిసి, మిగిలిన రోజులు ఇంటి దగ్గరే చేసుకుంటే సరిపోతుంది. దూలానికి గిలక కట్టి తాడు వేసుకుంటే చేయి లేపే వ్యాయామానికి అంతకు మించిన పరికరం అక్కర్లేదు.

అన్నాళ్లు సాధన పూర్తిగా మానేయాలా?

అవసరం లేదు, మానేయడం మంచిది కూడా కాదు. స్క్వాట్, పుల్స్, డెడ్‌లిఫ్ట్, నడుము వ్యాయామాలు కొనసాగించవచ్చు. బార్‌ను వెనుక పెట్టుకొనే స్క్వాట్‌లో భుజం లాగితే, ఫ్రంట్ స్క్వాట్‌లో పట్టీలు వేసుకుని పట్టుకోండి. స్నాచ్‌లో వెడల్పు పట్టు, బార్ తల వెనక్కి వెళ్లే స్థితి, బెంచ్ ప్రెస్‌లో అట్టడుగు స్థానం, ఈ మూడే భుజాన్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కొంతకాలం పక్కన పెట్టవలసినవి కూడా అవే. జిమ్ మానేశాను గాని ధాన్యం బస్తాలు మాత్రం మోస్తున్నాను అనేవారు ఒక మాట గమనించాలి: 75 కిలోల బస్తాను భుజం మీదికి ఎత్తుకొనేటప్పుడు పడే కుదుపు, పద్ధతిగా ఎత్తే బార్ కంటే భుజానికి ఎక్కువ హాని చేస్తుంది.

పోటీ దగ్గరపడింది. ఇంజక్షన్ వేయించుకుంటే గట్టెక్కుతానా?

స్టీరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాల పాటు నొప్పిని తగ్గిస్తుంది, చిరుగును అతకదు. నొప్పి తెలియని స్థితిలో గరిష్ఠ బరువు ఎత్తడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కర్లేదు. ఒకే చోట పదేపదే వేయిస్తే స్నాయువు బలహీనపడుతుంది, ఆపరేషన్‌కు ముందు నెలలో వేయించుకుంటే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది.

లిఫ్టర్లు మరచిపోయే ఇంకో కోణం డోపింగ్ నిబంధనలు. 2022 జనవరి 1 నుంచి, కీలులో వేసినదైనా సరే, గ్లూకోకార్టికాయిడ్ (పైన చెప్పిన స్టీరాయిడ్ రకం) ఇంజక్షన్లన్నీ పోటీ సమయంలో నిషిద్ధం. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి ఆ జాబితాలో చేరింది. డాక్టరు చీటీ ఉన్నంత మాత్రాన మినహాయింపు దొరకదు, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకు చికిత్స నిమిత్తం మినహాయింపు కోరుతూ దరఖాస్తు చేయాలి. మీరు పోటీలకు వెళ్లే క్రీడాకారులని డాక్టరుకు చెప్పే బాధ్యత మీదే, ఆయన అంతట ఆయన అడగకపోవచ్చు.

షుగర్ ఉంది, చేయి అన్ని వైపులా పట్టేసింది. ఇది కూడా బరువుల వల్లేనా?

నలభై దాటి, మధుమేహం ఉన్న లిఫ్టరుకు చేయి తానుగా లేవకపోవడమే కాక ఇంకొకరు లేపినా లేవకపోతే, ముఖ్యంగా బయటి వైపుకు తిరగకపోతే, అది ఫ్రోజెన్ షోల్డర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇది చాలామందిలో నెలలు, ఒక్కోసారి రెండేళ్ల వ్యవధిలో సడలుతుంది. పట్టేసి ఉన్న దశలో కఫ్ చిరుగు కోసం ఆపరేషన్ చేస్తే బిగుతు మరింత పెరుగుతుంది కాబట్టి, ముందు బిగుతు సంగతి చూసుకోవాలి.

పెద్ద లిఫ్టర్లంతా ఆపరేషన్ చేయించుకునే కదా తిరిగి వచ్చేది?

అందరూ కాదు. మీరాబాయి చాను 2020లో భుజం, నడుము ఇబ్బందులతో అమెరికా వెళ్లి, శరీరంలోని అసమతౌల్యాన్ని సరిదిద్దే వ్యాయామ చికిత్స మీద ఆధారపడ్డారు. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో జరిగిన ఆసియా పోటీలలో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పారు, ఆ ఏడాదే టోక్యోలో రజతం సాధించారు. ఆమెకు దొరికిన వసతులు మనకు లేవన్నది నిజమే, కానీ ఆ వ్యాయామాలకు కావలసినవి మాత్రం ఏ వ్యాయామశాలలోనైనా ఉంటాయి.

## నిర్ణయం తీసుకొనే ముందు

చివరికి, ఆపరేషన్ నిజంగా ఎవరికి అవసరం?

మా అవగాహనలో నాలుగు సందర్భాలలో ఆపరేషన్ వైపు మొగ్గడం న్యాయం. ఒకటి, మునుపు బాగున్న భుజం ఒక దెబ్బతో లేదా ఒక లిఫ్ట్‌లో దెబ్బతిని, కఫ్ పూర్తి మందం తెగి, బలం స్పష్టంగా తగ్గినప్పుడు. తెగిన కొన నెలలు గడిచేకొద్దీ వెనక్కి ముడుచుకుపోతుంది, కండరంలో కొవ్వు చేరుతుంది. అలా చేరిన కొవ్వు తరువాత కుట్టినా సాధారణంగా పోదు. అందువల్ల ఇక్కడ జాప్యం ఖరీదైనది. రెండు, భుజం పదేపదే జారుతున్నప్పుడు. 15 నుంచి 35 ఏళ్ల మధ్యవారిలో మొదటిసారి జారిన తరువాత రెండేళ్లలో సగానికి పైగా మందికి భుజం మళ్లీ అస్థిరపడినట్టు స్కాట్లాండ్‌లో జరిగిన ఒక పరిశీలన తేల్చింది. ఇంకా చిన్నవయసు మగపిల్లలలో ఆ ముప్పు మరింత ఎక్కువ. బరువు తల మీద ఉండగా జారే భుజం ప్రాణానికే చేటు. మూడు, పెక్టొరాలిస్ స్నాయువు ఎముక నుంచి ఊడినప్పుడు. నాలుగు, కనీసం మూడు నెలలు సక్రమంగా వ్యాయామ చికిత్స చేసిన తరువాత కూడా రోజువారీ పనులకు, నిద్రకు ఆటంకం కలుగుతూ, ఆ నొప్పికి కారణం స్కానింగ్‌లోనూ డాక్టరు పరీక్షలోనూ ఒకే చోట కనిపించినప్పుడు.

నాలుగో సందర్భంలోనే ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే అక్కడ గడువు ఏదీ తరమదు. పాత బరువు ఎత్తినప్పుడు మాత్రమే నొప్పి, మిగిలినప్పుడు హాయి, అన్న స్థితిలో ఉన్నవారు తమను తాము ఒకటి అడగాలి: ఆ ఒక్క లిఫ్ట్ కోసం ఏడాది కాలం, కొంత డబ్బు, కొంత అపాయం పెట్టడానికి సిద్ధమా? రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్లే ఇరవై ఏళ్లవారు సిద్ధమే అనవచ్చు, ఆరోగ్యం కోసం ఎత్తే నలభై అయిదేళ్లవారు ఆ లిఫ్ట్‌నే మార్చుకోవచ్చు. రెండూ సరైన జవాబులే.

కొన్నాళ్లు వాయిదా వేస్తే భుజం పాడైపోతుందా?

దెబ్బతో తెగిన కఫ్‌కు, ఊడిన పెక్టొరాలిస్‌కు వాయిదా హాని చేస్తుంది. పదేపదే జారే భుజానికి ప్రతి జారుడుతో ఎముక, లేబ్రమ్ మరికొంత అరుగుతాయి. నెమ్మదిగా వచ్చిన పాక్షిక చిరుగులకు, స్లాప్‌కు, కాలర్ ఎముక చివరి నొప్పికి మూడు నెలలు ఆగడం వల్ల పోయేదేమీ లేదు. ఈ వారమే చేయించుకోకపోతే చేయి పడిపోతుంది అని ఎవరైనా భయపెడితే, మీ గాయం వీటిలో ఏదో అడిగి తెలుసుకోండి.

భుజం జారేవారికి బ్యాంకార్ట్, లాటర్జే అని రెండు చెబుతున్నారు. ఏది మేలు?

ఊడిన లేబ్రమ్‌ను చిన్న మేకులతో తిరిగి అంచుకు కుట్టడం బ్యాంకార్ట్, ఇది కీహోల్ పద్ధతిలో జరుగుతుంది. గిన్నె ముందు అంచు బాగా అరిగిపోయినప్పుడు, పక్కనున్న ఎముక ముక్కను కోసి తెచ్చి అక్కడ మరలతో బిగించడం లాటర్జే. ఎముక అరుగుదల ఎక్కువగా ఉన్నా బ్యాంకార్ట్ మాత్రమే చేస్తే మళ్లీ జారే ముప్పు మిగులుతుంది. కాబట్టి ఇష్టాన్ని బట్టి ఎంచుకొనేది కాదు, సీటీలో కొలిచిన అరుగుదలే నిర్ణయిస్తుంది.

డాక్టరుగారిని ఏమేం అడగాలి? ఎక్కువ అడిగితే కోప్పడతారేమో.

ఎదురు ప్రశ్నించినట్టు కాక, తెలుసుకొనే ధోరణిలో అడిగితే చాలామంది డాక్టర్లు ఓపికగానే చెబుతారు. నా నొప్పి ఈ చిరుగు వల్లేనని ఎలా తేల్చారు సార్? ఆపరేషన్ చేయించుకోకపోతే ఏడాదికి ఏమవుతుంది? ఇటువంటి ఆపరేషన్లు మీరు ఎంత తరచుగా చేస్తారు? బరువులెత్తేవారికి చేశారా, వారు దేనికి తిరిగి వెళ్లారు? లోపలికి వెళ్లాక వేరే సమస్య కనిపిస్తే ఏం చేస్తారు? ఈ అయిదూ కాగితం మీద రాసుకుని వెళ్లండి, గదిలోకి వెళ్లాక సగం మరచిపోతాము. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లడం మంచిది. రెండో అభిప్రాయం కోసం మరొకరి దగ్గరికి వెళ్లడం అవమానించడం కాదు. రిపోర్టు ఒక్కటే కాకుండా ఎమ్మారై ఫిల్ములు లేదా సీడీ కూడా తీసుకెళ్లాలి.

ఖర్చు ఎంత అవుతుంది? ప్రభుత్వ పథకంలో వస్తుందా?

బిల్లును పెంచేది ప్రధానంగా కుట్టడానికి వాడే యాంకర్ల (ఎముకలో దించే చిన్న మేకుల) సంఖ్య, వాటి రకం. ఎన్ని పడతాయి, ఒక్కొక్కటి ఎంత, లోపల ఎక్కువ అవసరమైతే అదనం ఎంత అన్నది రాతపూర్వకంగా అడగండి. ఫిజియోథెరపీకి, పనికి వెళ్లలేని నెలలకు అయ్యే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి, చాలామంది దానిని వదిలేస్తారు. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద మీకు రాసిన ఆపరేషన్ ఉందో లేదో, అనుమతి వచ్చిందో లేదో, నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే కలిసి రూఢి చేసుకోండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ వంటి చోట్ల కూడా చూపించుకోవచ్చు.

ఏ నెలలో చేయించుకుంటే మంచిది?

కఫ్ కుట్టినా, లేబ్రమ్ కుట్టినా సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు చేయి స్లింగ్‌లో ఉంటుంది. ఆ కాలంలో బైకు నడపకూడదు. గట్టు రోడ్ల మీద వెనుక కూర్చుని వెళ్లినా పడితే కుట్టు ఊడుతుంది. వ్యవసాయం ఉన్నవారు సార్వా కోతలకు, దాళ్వా కోతలకు మధ్య వ్యవధి చూసుకోవడం సబబు. చెరువుల్లో మేత చల్లే పని, కొబ్బరి దింపు, బస్తాల ఎగుమతి చేసేవారికి ఆ పనిలోకి తిరిగి వెళ్లడానికి ఆరు నెలలైనా పడుతుందని ముందే యజమానికి చెప్పుకోవాలి. చుట్ట, సిగరెట్ అలవాటు ఉంటే ఆ తేదీకి కొన్ని వారాల ముందే మానండి, పొగ స్నాయువు అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది. షుగర్ ఉన్నవారు అది అదుపులోకి వచ్చాకే తేదీ తీసుకోవాలి.

## ఆపరేషన్ తరువాత

స్లింగ్‌తో ఎలా పడుకోవాలి? నిద్రే పట్టడం లేదు.

తొలి వారాలలో చదునుగా పడుకోవడం ఎక్కువమందికి కుదరదు. పడక కుర్చీలో గాని, మంచం మీద వీపు వెనుక దిండ్లు పేర్చుకుని గాని సగం కూర్చున్నట్టు పడుకోండి, మోచేయి కింద చిన్న దిండు ఉండాలి. వేళ్లు, మణికట్టు, మోచేయి రోజూ కదుపుతుండాలి. మత్తు ఇంజక్షన్ ప్రభావం తగ్గేటప్పుడు నొప్పి ఒక్కసారిగా ఎక్కువవుతుంది గనుక, చెప్పిన మాత్రను దానికి ముందే వేసుకోవాలి.

మళ్లీ బార్ ఎప్పుడు పట్టుకోవచ్చు?

స్నాయువు ఎముకకు అతుక్కోవడానికి దాదాపు 12 వారాలు పడుతుంది, నొప్పి మాత్రం అంతకు చాలా ముందే తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న వారాలే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. బాగానే ఉంది కదా అని ఒక రోజు ఖాళీ బార్ లేపి చూసినవారు కుట్టు తెంచుకుంటారు. కఫ్ కుట్టిన భుజానికి స్థూలంగా మొదటి ఆరు వారాలు ఇతరుల సాయంతో కదలిక, ఆ తరువాత స్వయంగా కదలిక, మూడు నెలలు దాటాక తేలికపాటి బలవర్ధక వ్యాయామం, ఆరు నెలల ప్రాంతంలో క్రమంగా బరువులు, స్నాచ్, జెర్క్ వంటివి తొమ్మిది నెలల నుంచి ఏడాదికి అన్న లెక్క చెబుతారు. కాలర్ ఎముక చివర తీసినవారికి ఇది చాలా తక్కువ, రెండు మూడు నెలలలో చాలా వ్యాయామాలు మొదలవుతాయి. స్క్వాట్ కోసం మెడ మీద బార్ పెట్టుకోవడం కూడా భుజానికి పనే కాబట్టి, ఆ అనుమతి విడిగా అడగాలి. లెగ్ ప్రెస్, స్థిరమైన సైకిల్ వంటివి అంతకు ముందే చేసుకోవచ్చు.

నా పాత బరువు మళ్లీ ఎత్తగలనా?

కొందరు ఎత్తుతారు, కొందరు దగ్గరికి వస్తారు, కొందరు లిఫ్ట్ మార్చుకుంటారు. భుజం బిగించిన తరువాత, ముఖ్యంగా జారుడు ఆపడానికి చేసిన ఆపరేషన్లలో, చేయి బయటికి తిరగడం కొద్దిగా తగ్గవచ్చు. బెంచ్ ప్రెస్ చేసేవారికి ఆ కొద్దిపాటి తగ్గుదల తెలియదు గాని, స్నాచ్ చేసేవారికి పట్టు వెడల్పు, బార్ నిలిచే చోటు మార్చుకోవలసి వస్తుంది. చిరుగు పెద్దదైతే, వయసు ఎక్కువైతే, కుట్టినది మళ్లీ తెగే అవకాశం పెరుగుతుంది. అయితే మళ్లీ చిన్నగా తెగినా నొప్పి లేకుండా తిరిగేవారు కూడా తక్కువేమీ కాదు.

నాలుగో నెలలో మళ్లీ నొప్పి వచ్చింది. కుట్టు ఊడినట్టేనా?

చాలాసార్లు కాదు. వ్యాయామం స్థాయి పెంచిన వారంలో నొప్పి రావడం మామూలే. రెండు మూడు రోజులు వెనుకటి స్థాయికి వెళ్తే అది సర్దుకుంటుంది. అలా కాక, ఒక కుదుపు తరువాత టప్‌మని, నిన్నటిదాకా లేచిన చేయి ఈరోజు లేవకపోయినా, రోజురోజుకు బలం తగ్గుతున్నా ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించాలి. కోత దగ్గర ఎర్రగా మారి చీము కారడం, చలిజ్వరం, చేయి మొత్తం వాయడం, అకస్మాత్తుగా ఆయాసం రావడం ఉంటే మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకెళ్తే, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుకు ఏ ఆపరేషన్ జరిగిందో, ఎన్ని యాంకర్లు వేశారో వెంటనే తెలుస్తుంది.